వేలి గణుపంత దూరం

ల్యుబ్ల్యానా
9 ఏప్రిల్ 2017

మిలోయ్కా,

నీ ఉత్తరం చేరింది. కొత్త సంవత్సరం రోజు ఫోన్లో నన్ను కడిగేశావు గుర్తుందా? "నీతో మాట్లాడ్డమంటే సభలో వెనక బెంచీలో కూర్చోవడమే అక్కా. ఇక మీదట ఏం చెప్పాలన్నా కాగితం మీద చెప్పు. నా వంతు వచ్చినప్పుడైనా నీ నోరు మూసుకుని ఉంటుంది" అన్నావు. అప్పుడు ఒళ్లు మండింది. మూడు నెలలు దాటాక ఒప్పుకుంటున్నాను, ఉత్తరాల్లో నువ్వు బాగా మాట్లాడతావు. ముప్పై ఏళ్లుగా నేను మీటింగుల్లో "ఆడవాళ్లని మాట్లాడనివ్వండి" అని బల్లలు గుద్దుతున్నాను, సొంత చెల్లెలికి మాత్రం సందు ఇవ్వలేదు. సరే, ఇప్పుడు నా వంతు.

నీ కూతురు టింకారా కొండ సైకిల్ తొక్కుతానందని చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన ఇంట్లో నా తర్వాత ఇంకొకత్తి! కానీ సిల్వో సైకిల్ కొట్లో లేత ఊదా రంగు "ఆడవాళ్ల సైకిల్" చూసి మనసు పడిందని రాశావే, అక్కడ మళ్లీ కూర్చున్నాను.

ఆ సైకిల్ ఎలా పుడుతుందో చెబుతా విను. మగాడి కొలతలకి చేసిన సైకిల్ తీసుకుంటారు. నాలుగు వేళ్లు కురచ చేస్తారు. మంచి బ్రేకులు పీకి నాసిరకంవి పెడతారు, ముందు చక్రం పట్టుకునే ఫోర్కు కూడా మారుస్తారు, ఆడదానికి ఇది చాల్లే అని. ఊదా రంగు పూసి పక్కన ఒక పువ్వు గీస్తారు. అది సైకిల్ కాదు, అవమానానికి చక్రాలు తగిలించడం. మేము పోటీలకి వెళ్లిన మొదటి ఏడాది నిర్వాహకుడు నా నంబరు కాగితం ఇస్తూ "వంటవాళ్ల గుడారం అటుంది" అన్నాడు. ఆ రోజు నేను మగవాళ్ల సైకిల్ మీద వాళ్లలో సగం మంది కంటే ముందు కిందికి దిగాను. దిగాక వాడి బల్ల మీద ఆ కాగితం పెట్టి "సూప్‌లో ఉప్పు తగ్గింది" అని వచ్చాను.

నా కూతురు లాంటి పిల్ల పువ్వు బొమ్మ సైకిల్ తొక్కడానికి వీల్లేదు. నా నల్ల సైకిల్ పంపుతున్నాను. ఈ మోకాళ్లతో నేనింక కొండలు దిగను. శనివారం కూరగాయల వ్యాను మీ ఊరొస్తుంది, అందులో వేయిస్తాను. దాని బ్రేకులు చూడమను, ఒక్క వేలితో లాగితే లారీ ఆగుతుంది.

గ్లవ్స్ కూడా కొంటాను. పిల్ల చెయ్యి కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపు. లేసు టీచరు నన్ను బడిలోంచి గెంటిన రోజు గుర్తుందా? "ఈ చేతులు లేసు అల్లే కండెలకి పనికిరావు, పార పట్టుకోమనండి" అంది. పారే పట్టుకున్నాను. బాగానే బతికాను.

మీ ఆయన రాడోకి చెప్పు, గని చూడ్డానికొచ్చే టూరిస్టులకి చెప్పే అబద్ధాలు కాస్త తగ్గించమని.

మాట పూర్తి చేసే అక్క,
దారింకా

---

ఇద్రియా
23 ఏప్రిల్ 2017

అక్కా,

నీ నల్ల సైకిల్ వచ్చింది. వ్యాను అబ్బాయి దించగానే రాడో చుట్టూ తిరిగి చూసి, "మీ అక్క పంపింది సైకిలా, గనిలో మట్టి బండా? ఎక్కడానికి నిచ్చెన కూడా పంపిందేమో చూడు" అన్నాడు. నేను కోప్పడ్డాను. నువ్వు అది ఎంత ప్రాణంగా చూసుకున్నావో నాకు తెలుసు.

టింకారా నీ ఉత్తరం చదివింది. రెండుసార్లు చదివింది. సిల్వో కొట్లో ఊదా సైకిల్ మీద కూర్చున్నప్పుడు దాని మొహం నేను చూశాను అక్కా. రెండు కాళ్లూ నేలకి ఆనాయి. "అమ్మా, నేల తగిలింది!" అంది, ఈత నేర్చుకునే పిల్లలా. కానీ నీ ఉత్తరం చదివాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "పెద్దమ్మ చెప్పింది నిజమేనమ్మా, అందులో బ్రేకులు మంచివి కావట. నేనింక చిన్నపిల్లనా?" అంది. పందొమ్మిదేళ్లు వచ్చాయి కదా, చిన్నపిల్ల కాదు. ఎత్తు మాత్రం నా అంతే, అంటే నీ భుజం దాకా.

నల్ల సైకిల్ మీద మునివేళ్ల మీద నిలబడుతుంది. సీటు కిందికంటా దించేశాం. హ్యాండిల్ అందుకోవడానికి అలమరలో పైఅర మీద జాడీ అందుకున్నట్టు వంగుతుంది. అలవాటవుతుంది లే.

శనివారాలు విద్ అని ఒక కుర్రాడు ఆడపిల్లలకి నేర్పుతున్నాడు. కొండ మీద సైకిల్ దారులు పారతో వాడే తవ్వాడు, చలికాలం అంతా. నవ్వుతాలు మనిషి. దీన్ని చూసి "టింకారా, నువ్వు సైకిల్ తొక్కుతున్నావా, సైకిల్ నిన్ను తొక్కుతోందా?" అన్నాడట. పోయిన వారం మాత్రం కాస్త గట్టిగానే "ఈ సైకిల్ నీది కాదు, దిగు" అన్నాడట. ఇంటికొచ్చి ముభావంగా ఉంది. వేళ్లు నొప్పి అంటోంది. వాటిని వేడి నీళ్లలో పెట్టి కూర్చుంటుంది, రాత్రి లేసు అల్లే దిండు ముందు కూర్చోలేదు. లేసు పండుగకి కాలరు అల్లాలి, పన్నెండు జతల కండెలు, పని సగంలో ఉంది.

చెయ్యి గీసిన కాగితం తనే మడిచి ఇచ్చింది, ఇందులో పెట్టాను. లేసు నమూనాల కాగితమే దొరికింది, మడత పెడితే గట్టిగా ఉంటుంది, చించకుండా విప్పు. గీస్తుంటే చక్కిలిగిలి అని నవ్వి చిటికెన వేలు కదిలించింది, అక్కడ గీత వంకర పోయింది.

జ్లిక్రోఫీలు, మన బంగాళదుంప కుడుములు, చేసి ఫ్రీజర్లో పెట్టాను, ఈసారి వచ్చినప్పుడు నీకు.

మిలోయ్కా

---

ల్యుబ్ల్యానా
7 మే 2017

మిలోయ్కా,

"ఈ సైకిల్ నీది కాదు, దిగు."

ఈ వాక్యాన్ని నా బల్ల మీద గోడకి అంటించుకున్నాను. చూశావా? వందేళ్లు దాటినా వాళ్ల దగ్గర మాటలు కొత్తవి పుట్టలేదు. ఆ ఫ్యాక్టరీ నీది కాదు, దిగు. ఆ కుర్చీ నీది కాదు, దిగు. పార పట్టి కొండ తవ్వాడు కాబట్టి కొండ వాడి బాబుగాడిదైపోయిందా? "నవ్వుతాలు మనిషి" అని నువ్వు సర్దిచెబుతావు! ఆడపిల్లని చిన్నబుచ్చేవాళ్లందరూ నవ్వుతాలు మనుషులే చెల్లీ. నవ్వు లేకుండా ఆ పని చేస్తే దొరికిపోతారు.

టింకారాకి చెప్పు, పెద్దమ్మ మాటగా చెప్పు: దిగమన్న వాడి ముందే దిగకూడదు. వాడు చూస్తుండగా తొక్కాలి. వేళ్లు నొప్పి మొదట్లో అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. కండ పడితే పోతుంది. సైకిల్‌ని తనకి తగ్గట్టు కురచ చేసుకోవడం కాదు, తను సైకిల్ అంత అవ్వాలి.

చెయ్యి గీత చూశాను, చిన్నదే. కానీ కొట్లో ఆడవాళ్ల గ్లవ్స్ అన్నీ పట్టుకుంటే చిరిగేలా ఉన్నాయి, అరచేతిలో మెత్త లేదు, పడితే తోలు ఊడుతుంది. కోపం వచ్చి కొట్టు అమ్మాయితో కూడా పోట్లాడాను. "నేను కుట్టలేదమ్మా వాటిని" అంది పాపం. మగవాళ్ల మీడియం పంపుతున్నాను. వదులుగా ఉంటే నీ చేతిలో సూది ఉండనే ఉంది.

ఈ వారం పేపర్లో ఇదే నా కాలమ్. "ఆమె సైకిల్ ఎవరిది?" అని పేరు పెట్టాను. మన పిల్ల పేరు రాయనులే.

దిగని అక్క,
దారింకా

---

ఇద్రియా
4 జూన్ 2017

అక్కా,

నీ కాలమ్ రాడో పెద్దగా చదివి వినిపించాడు. "వదిన మనల్ని పేరు పెట్టకుండా పేపర్లో వేసింది" అన్నాడు, కానీ కత్తిరించి గనిలో తన గదిలో అంటించుకున్నాడు. గర్వం లేకపోలేదు.

గ్లవ్స్ వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడుతుంటే టింకారా వాటితో మా పిల్లికి టాటా చెప్పించి నవ్వించింది. ప్రతి వేలూ ఒక గణుపు మేర కత్తిరించి మళ్లీ కుట్టాను. లేసు దారంతోనే కుట్టాను, తెగదు. ఇప్పుడు చేతికి అతికినట్టు ఉన్నాయి. అరచేతి మెత్త మాత్రం మంచిది, నువ్వు చెప్పింది నిజమే.

కాలరు పూర్తయింది! నేనైతే ఆ అంచు మీద ఆకులు ఇంకో రకంగా వేసేదాన్ని, చెప్పలేదు. నోరు మూసుకోవడం నువ్వు నాకు నేర్పిన విద్య కదా.

విద్ మళ్లీ ఏదో చెప్పబోతే "మా పెద్దమ్మ దిగొద్దంది" అని వాడి పక్కనుంచే తొక్కుకుంటూ వెళ్లిపోయిందట. వచ్చి చెబుతుంటే బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. దాన్ని అంత సంతోషంగా చూసి చాలా రోజులైంది. అందుకే కోప్పడలేదు. వేళ్ల నొప్పి సంగతి ఇప్పుడు ఎత్తడం లేదు.

పదిహేడున పై నుంచి కింద దాకా, తోడేలు వాగు పక్క నిటారు దారి, ఆడపిల్లలు ఆరుగురు దిగుతారట. "పెద్దమ్మకి రాయమ్మా, నేను ఒక్కసారి కూడా దిగలేదని రాయి" అంటోంది. రాశాను. పక్కనే నిలబడి చూస్తోంది, "కొండ మీంచి కాదు, సైకిల్ మీంచి అని రాయి, లేకపోతే భయపడి కొండ దిగలేదనుకుంటుంది" అంటోంది. అదీ రాశాను.

నీ మోకాళ్లకి కిందటేడు పంపిన నూనె రాస్తున్నావా?

మిలోయ్కా

---

ల్యుబ్ల్యానా
11 జులై 2017

మిలోయ్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను.

శ్మశానం గుమ్మం దగ్గర నీ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నావు. తప్పుపట్టడం లేదు. పిల్లని మట్టిలో పెట్టిన రోజు ఎవరి చెయ్యి మాత్రం బాగుంటుంది? రాడో నన్ను "వదినా" అని కూడా పలకరించలేదు. శవపేటిక మీద ఆ లేసు కాలరు చూశాక నేనూ ఎవరినీ పలకరించలేదు.

కానీ ఇరవై నాలుగు రోజులుగా నిద్ర లేదు, ఆలోచిస్తున్నాను, ఆలోచించడం తప్ప నాకు ఏడవడం రాదు. మూడో మలుపు దగ్గర సైకిల్ వేగం తగ్గలేదని, నేరుగా చెట్టుకి వెళ్లిందని పిల్లలందరూ చెప్పారు. ఎందుకు తగ్గలేదు? ఆ మలుపు అలా తవ్వింది ఎవడు? పందొమ్మిదేళ్ల పిల్లని రెండు నెలల నేర్పుతో ఆ నిటారు మీదికి తీసుకెళ్లింది ఎవడు? మొదటి రోజు నుంచీ దాన్ని వేళాకోళం చేసి, దిగు దిగు అని వెంటపడి, దాని పంతాన్ని రెచ్చగొట్టింది ఎవడు?

విద్ మీద ఫిర్యాదు ఇవ్వాలి. నా స్నేహితురాలు వకీలు, కాగితాలు సిద్ధం చేసింది. వాడు అన్న మాటలు నీ ఏప్రిల్ ఉత్తరంలో ఉన్నాయి. "అవును, నా కూతురు నాతో ఇలా చెప్పింది" అని నువ్వు సంతకం చేస్తే చాలు. పేపర్లో రెండు పేజీలు నాకు వదిలారు. ఈసారి అందరి పేర్లూ రాస్తాను.

దానికి న్యాయం జరగాలి చెల్లీ. నేను చెయ్యగలిగింది ఇదొక్కటే.

దారింకా

---

ఇద్రియా
19 జులై 2017

అక్కా,

సంతకం చెయ్యను. పేపర్లో రాయొద్దు.

విద్ రోజూ సాయంత్రం వచ్చి మెట్ల మీద కూర్చుంటాడు. లోపలికి రమ్మన్నా రాడు. రాడో గిన్నెలో సూప్ పోసి బయటికి తీసుకెళ్లి ఇస్తాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. గిన్నె ఖాళీ అయ్యాక వాడు వెళ్లిపోతాడు.

వానలు ఆగడం లేదు.

మిలోయ్కా

---

ల్యుబ్ల్యానా
2 ఆగస్టు 2017

మిలోయ్కా,

సూప్ పోస్తున్నారా? వాడికి?

కోపం తెచ్చుకోకూడదని వారం రోజులు ఈ కాగితం ముట్టుకోలేదు. లాభం లేదు. మన అమ్మ కూడా ఇంతే. నాన్న ఊపిరితిత్తులు గనిలో పాడైతే ఫోర్‌మన్ పరామర్శకి వచ్చాడు, అమ్మ వాడికి కాఫీ కలిపి ఇచ్చి కప్పు కూడా కడిగింది. పన్నెండేళ్ల పిల్లని నేను, ఆ కప్పు నేలకేసి కొట్టాను. నువ్వు ముక్కలు ఏరావు. నలభై ఏళ్లు దాటాయి, నేను కొడుతూనే ఉన్నాను, నువ్వు ఏరుతూనే ఉన్నావు.

మంచితనం అని పేరు పెట్టుకుని ఆడవాళ్లు చేసే నేరం ఇదే, ఎవరినీ దోషి అనకపోవడం. నువ్వు వాడిని కాపాడుతున్నావు. ఎందుకు? మెట్ల మీద కూర్చున్నాడనా? తల వంచుకున్నాడనా?

వ్యాసం పూర్తయింది. సెప్టెంబరు ఒకటిన వస్తుంది, నీ సంతకం ఉన్నా లేకపోయినా. చివరి వాక్యం నీకు ముందే చెబుతున్నాను, తర్వాత దొంగచాటుగా రాశానని అనొద్దు: "ఈ పిల్ల చనిపోయింది, ఎందుకంటే ఆమె చేతుల కింద ఏముందో ఆగి చూడాలని చుట్టూ ఉన్న ఒక్కరికీ తోచలేదు."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే చెప్పు. చెప్పలేవు.

దారింకా

---

ఇద్రియా
20 ఆగస్టు 2017

అక్కా,

నీ చివరి వాక్యంలో అబద్ధం లేదు. ఒక్కరు తప్ప. ఆ ఒక్కరి పేరే నువ్వు పేపర్లో వెయ్యబోతున్నావు. అందుకే ఈ ఉత్తరం. రాయకూడదని రెండు నెలలు నన్ను నేను పట్టుకున్నాను. ఇది నీకు తెలియకుండానే నేను చచ్చిపోతే బాగుంటుందనుకున్నాను. ఇప్పుడు వీలుపడదు. వాడికి ఇరవై ఆరేళ్లు, ఈ ఊళ్లోనే బతకాలి.

పిల్లని తీసుకెళ్లిన మూడో రోజు పోలీసులు సైకిల్ తిరిగి ఇచ్చారు. బ్రేకుల్లో లోపం లేదని రాసి ఇచ్చారు. రాడో దాన్ని ఇంట్లో పెట్టనన్నాడు. నేను నడిపించుకుంటూ సిల్వో కొట్టుకి తీసుకెళ్లాను, ఎవరికైనా ఇచ్చెయ్యమని. సిల్వో హ్యాండిల్ పట్టుకుని చూశాడు. తర్వాత "మిలోయ్కా, మీ చెయ్యీ అమ్మాయి చెయ్యీ ఒకటే కదా. ఒకసారి ఇక్కడ పెట్టండి" అన్నాడు.

పెట్టాను. అరచెయ్యి పిడి మీద ఉంచి వేళ్లు చాచితే బ్రేక్ లివర్‌కి నా గోళ్లు తగిలాయి. గోళ్లే. లాగాలంటే అరచెయ్యి పిడి మీంచి లేవాలి. అరచెయ్యి వదలకుండా లాగితే వేళ్ల చివర్లతో లాగాలి. ఒకసారి లాగొచ్చు, పదిసార్లు లాగొచ్చు. కొండ పైనుంచి మూడో మలుపు దాకా ఎన్నిసార్లు లాగిందో? వేళ్లు నొప్పి, వేళ్లు నొప్పి అని అది చెప్పింది ఇదే.

సిల్వో సొరుగులోంచి చిన్న అలెన్ కీ తీశాడు, మన జడపిన్ను అంత. లివర్ లోపలి పక్క ఒక చిన్న మర ఉంది, పేనుగుడ్డంత. దాన్ని తిప్పాడు. తిప్పుతుంటే లివర్ నా వేళ్ల దగ్గరికి నడిచి వచ్చింది అక్కా. తనంతట తను, పెంపుడు జంతువులా. రెండో పక్క కూడా తిప్పాడు. "పట్టుకోండి" అన్నాడు. పట్టుకున్నాను. ఒక్క వేలితో లాగాను. నువ్వు చెప్పినట్టే ఉంది, లారీ ఆగేది.

అంతే పని. రెండు నిమిషాలు పట్టలేదు. నేను దిండు మీద ఒక ఆకు అల్లేలోపు అయిపోయింది.

"దీన్ని బయటికంటా తిప్పి ఉంచారు, పొడుగు వేళ్ల వాళ్లెవరో" అన్నాడు. ఎవరో అన్నాడు. ఆ వేళ్లు నాకు తెలుసు. నన్ను బడికి పట్టుకుని నడిపించిన వేళ్లు.

విద్ ఆ రోజు అన్నది మొత్తం ఇది. పిల్ల నాకు సగమే చెప్పింది, నేను నీకు అందులో సగం రాశాను. మెట్ల మీద కూర్చుని మూడో వారంలో నోరు విప్పి చెప్పాడు: "పిన్నిగారూ, ఈ సైకిల్ నీది కాదు, దిగు, సిల్వో దగ్గరికెళ్లి బ్రేకులు నీ చేతికి సరిపెట్టించుకునే దాకా కొండెక్కొద్దు అన్నానండీ. జూన్‌లో ఇంకోసారి చెప్పబోయాను. మా పెద్దమ్మ దిగొద్దంది అని వెళ్లిపోయింది. నేను వెనక పరిగెత్తాల్సింది. పంతంగా ఉంది కదా, నవ్వొచ్చింది, ఊరుకున్నాను. పదిహేడున ఆరుగురు ఉన్నారు, ఒకమ్మాయి చెయిన్ ఊడితే అటు చూస్తున్నాను." నవ్వినందుకే వాడు రోజూ వచ్చి కూర్చుంటున్నాడు.

నిన్ను ఒక్కదాన్నే అనడం లేదు. అంటే తేలిగ్గా ఉండును. గ్లవ్స్ కత్తిరించింది నేను. ఒక్కో వేలికి ఎంత తక్కువైందో స్కేలు పెట్టి కొలిచి, చాక్‌పీసుతో గీత గీసి, కత్తిరించాను. పది వేళ్లూ. దాని చెయ్యి ఆ సైకిల్‌కి ఎంత చాలదో నా కత్తెరకి తెలిసింది. నాకు తెలియలేదు. ముక్కలు పారేశాను కూడా. దారం మాత్రం మంచిది వేశాను.

శ్మశానం దగ్గర నీ చెయ్యి అందుకే పట్టుకోలేకపోయాను. దాని పొడుగు కనిపించింది.

ఊదా సైకిల్ ఇంకా సిల్వో కొట్లో కిటికీలోనే ఉంది. బ్రేకులు ఎలాంటివని అడిగాను. నీ వాటంత మంచివి కావన్నాడు. ఆ విషయం నువ్వు సరిగ్గానే చెప్పావు.

వ్యాసం వెయ్యాలనుకుంటే వెయ్యి. సైకిల్ ఎవరిదో కూడా రాయి. అందరి పేర్లూ రాస్తానన్నావు కదా.

మిలోయ్కా

---

ల్యుబ్ల్యానా
14 సెప్టెంబరు 2017

మిలోయ్కా,

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. రెండు పేజీలు మునిసిపల్ నీళ్ల గురించి ఏదో వేసి నింపారు. సైకిల్ ఎవరిదో రాసి వెయ్యమని ఇంకో కాగితం ఇచ్చాను. ఎడిటరు చదివి, "ఇది వేస్తే రేపటి నుంచి మీ మాట ఎవరు వింటారు?" అన్నాడు. "వినకపోతే ఇంకో పిల్ల బతుకుతుందేమో, అచ్చు వెయ్యి" అన్నాను. వేస్తాడో లేదో తెలియదు. విద్‌కి వేరే ఉత్తరం రాశాను. అందులో ఏం రాశానో నీకు చెప్పను, అతనికి నచ్చితే చూపిస్తాడు.

నీ ఉత్తరానికి జవాబు అలవాటు ప్రకారం మనసులోనే తయారైంది. మీద పడుతున్న గోడని చేత్తో ఆపుకున్నట్టు వాదనలు వచ్చాయి. ఆ కంపెనీలు నిజంగానే నాసిరకం బ్రేకులు పెడతాయి. మగవాళ్లకి తయారు చేసిందే మనిషికి తయారు చేసినట్టని లోకం అనుకుంటుంది, అదీ నిజం. సైకిల్ అమ్మేటప్పుడు ఆ మర సంగతి చెప్పాల్సిన వాళ్లున్నారు, చెప్పరు. అన్నీ నిజాలే. ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. చివరికి వచ్చేసరికి, ఆ మర తిప్పింది నేను. కొన్న రోజు, మా వంటగదిలో, ఈల వేసుకుంటూ. సైకిల్ వ్యానులో వేసేటప్పుడు గొలుసుకి నూనె రాశాను, టైర్లలో గాలి చూశాను. ఆ మర ఉందనే గుర్తు రాలేదు. నా చెయ్యి నాకెప్పుడూ పెద్దదిగా అనిపించలేదు, లేసు టీచరు అన్న రోజు తప్ప. అందరికీ ఇంతే ఉంటుందనుకున్నాను. ఆ వంటవాళ్ల గుడారం వాడు కూడా సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటాడు.

నీకు ఒక అబద్ధం చెప్పాను. మే నెల ఉత్తరంలో "చెయ్యి గీత చూశాను, చిన్నదే" అని రాశాను. చూడలేదు. నీ ఉత్తరంలో "దిగు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి తక్కినదేదీ నాకు కనిపించలేదు. ఆ కాగితం కవరులోనే ఉండిపోయింది. చిన్నదే అని ఎలాగూ తెలుసు కదా అని రాసేశాను. నువ్వు ఉత్తరాలు రాయమన్నది నేను వింటానని. చదవడం కూడా వినడమే అనుకున్నావు. నేను జవాబు ఇవ్వడానికి చదివాను.

నిన్న తీశాను. నువ్వు చెప్పినట్టే మడత గట్టిగా ఉంది. చించకుండా విప్పాను. అరగంట పట్టింది.

లేసు నమూనా చుక్కల మీద దాని చెయ్యి. చిటికెన వేలు దగ్గర గీత వంకర. నవ్విందన్నావు కదా, ఆ వంకర అదే. దాని పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది, నీ రాత కాదు. "పెద్దమ్మా, బ్రేకులు కాస్త దూరంగా ఉన్నాయి. దగ్గరికి జరుగుతాయా? అమ్మకి చెప్పకు, నీ సైకిల్ నచ్చలేదనుకుంటుంది."

దాని మీద నా చెయ్యి పెట్టాను. ఒక్కో వేలూ ఒక గణుపు దాటి బయటికి వచ్చింది.

ఈ కాగితం నీది. నీ దగ్గర ఉండాలి. పోస్టులో వెయ్యడానికి రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. ఇంకొక్క వారం నా దగ్గర ఉంచుకోనా? నువ్వు వద్దంటే రేపే పంపుతాను.

దారింకా